టోమోగ్రఫీ

ఒక వస్తువును కోయకుండా, దాని గుండా అనేక దిశల్లో కిరణాలనో తరంగాలనో పోనిచ్చి, బయట దొరికిన కొలతలను బట్టి లోపలి నిర్మాణాన్ని లెక్కగట్టే పద్ధతి టోమోగ్రఫీ. ఆస్పత్రుల్లోని సీటీ స్కాన్ దీనికి అందరికీ తెలిసిన రూపం. భూగర్భంలో వందల, వేల కిలోమీటర్ల లోతున రాయి ఎక్కడ వేడిగా ఉందో, ఎక్కడ చల్లగా ఉందో చెప్పేదీ, వైరస్ ఆకృతిని త్రిపరిమాణంలో చూపేదీ ఇలాంటి గణితమే. గణితం, వైద్య భౌతికం, రసాయన శాస్త్రం, కంప్యూటింగ్, భూవిజ్ఞానం ఈ సమస్యను చాలాకాలం ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండానే విడివిడిగా పరిష్కరించుకున్నాయి. టోమోగ్రఫీ చరిత్రలో ఎక్కువ భాగం ఈ ఎడబాటు కథే.

గణిత మూలం

మామూలు ఎక్స్-రే చిత్రంలో ప్రతి బిందువూ ఒక మొత్తాన్ని మాత్రమే చూపుతుంది. కిరణం తన దారిలో ఎదురైన ఎముక, కండరం, గాలి అన్నిటివల్లా కలిపి ఎంత క్షీణించిందో తెలుస్తుంది కానీ, ఏది ఎక్కడ ఎంత అడ్డుకుందో తెలియదు. నాలుగు గడుల చదరంలో నాలుగు అంకెలు దాగి ఉన్నాయనుకుందాం. అడ్డువరుసల మొత్తాలు 3, 7. నిలువువరుసల మొత్తాలు 4, 6. ఈ నాలుగు మొత్తాలు తెలిసినా అంకెలు తేలవు, ఎన్నో జవాబులు సరిపోతాయి. పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకు వెళ్లే కర్ణం మొత్తం 5 అని కూడా చెబితే అప్పుడు జవాబు ఒక్కటే: పైన 1, 2, కింద 3, 4. కొత్త దిశ నుంచి చూసిన ప్రతి చూపూ కొంత సందిగ్ధాన్ని తొలగిస్తుంది.

ఒక తలం మీద అన్ని సరళరేఖల వెంబడి సమాకలనులు తెలిస్తే మూల ప్రమేయాన్ని తిరిగి రాబట్టవచ్చని ఆస్ట్రియా గణితవేత్త యోహాన్ రాడాన్ 1917లో నిరూపించి, సూత్రం కూడా ఇచ్చారు. అది లైప్‌జిగ్‌లో సాక్సన్ అకాడమీ ప్రచురణలో వెలువడిన శుద్ధ గణిత వ్యాసం. రోంట్‌గెన్ ఎక్స్-కిరణాలను కనుగొని అప్పటికి 22 ఏళ్లు అయినా, ఈ రెండింటినీ కలిపి చూసినవారు లేరు. రాడాన్ సూత్రానికి లెక్కలేనన్ని రేఖలు కావాలి. యంత్రం ఇవ్వగలిగేది పరిమితమైన కొలతలు, వాటిలో ఎంతో కొంత దోషం తప్పదు. కొలతలోని చిన్న దోషం చిత్రంలో పెద్దదై కనిపించడం ఫలితం నుంచి వెనక్కి లెక్కగట్టే ఇలాంటి విలోమ సమస్యలన్నిటి స్వభావం. తర్వాత జరిగిన పరిశోధనలో అధికభాగం దీన్ని అదుపు చేయడానికే.

వైద్య భౌతికంలోకి

1956లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధిస్తున్న అలన్ కార్మాక్, గ్రూట్ షూర్ ఆస్పత్రిలో రేడియో ఐసోటోపుల పర్యవేక్షణకు వారంలో కొంత సమయం వెళ్లేవారు. క్యాన్సర్ రోగులకు కిరణ చికిత్స మోతాదులు శరీరమంతా ఒకే పదార్థమన్నట్టు లెక్కించడం ఆయనకు సరిగా తోచలేదు. లోపల ఎముక ఎంత, ఊపిరితిత్తి ఎంత అన్న పటం ఉంటే తప్ప మోతాదు కచ్చితంగా తేలదు. రాడాన్ పని సంగతి తెలియక ఆయన గణితాన్ని మొదటినుంచీ సొంతంగా కట్టుకున్నారు. అది ఎప్పుడో పరిష్కారమైందని తెలిసేసరికి పద్నాలుగేళ్లు గడిచాయి. చుట్టూ చెక్క వలయం ఉన్న అల్యూమినియం బిళ్ల మీద కోబాల్ట్-60 గామా కిరణాలతో పరీక్షించి, 1963, 1964లలో వ్యాసాలు ప్రచురించారు. స్పందన దాదాపు లేదు. వ్యాసం ప్రతి కావాలని అడిగినవారిలో స్విట్జర్లాండ్ హిమపాత పరిశోధన కేంద్రం ఒకటి. కొండల మీద పేరుకున్న మంచు లోపలి పొరలు చూడటానికి పనికొస్తుందేమోనని వారి ఆశ.

ఇంగ్లండ్‌లో ఈఎంఐ సంస్థ ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ కార్మాక్ సంగతి తెలియకుండానే 1967లో ఇదే ఆలోచనకు వచ్చారు. ఆయనకు విశ్వవిద్యాలయ పట్టా లేదు. యుద్ధకాలంలో రాడార్‌, ఆ తర్వాత ట్రాన్సిస్టర్ కంప్యూటర్ రూపకల్పనలో ఆరితేరారు. తొలి నమూనా గామా మూలంతో ఒక్క అడ్డకోత కొలవడానికి తొమ్మిది రోజులు పట్టేది, సుమారు 28,000 కొలతల నుంచి చిత్రం లెక్కించడానికి కంప్యూటర్‌కు రెండున్నర గంటలు. ఎక్స్-రే గొట్టం అమర్చాక కొలిచే సమయం తొమ్మిది గంటలకు దిగింది. 1971 అక్టోబర్ 1న లండన్ వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో, మెదడులో కణితి ఉందని అనుమానించిన ఒక మహిళకు తొలి స్కాన్ తీశారు. చిత్రంలో 80 వరుసలు, వరుసకు 80 గడులు. అయినా కణితి స్పష్టంగా కనబడింది. నేటికీ రేడియాలజిస్టులు నీటికి 0, గాలికి -1000గా కణజాల సాంద్రతను చదివేది హౌన్స్‌ఫీల్డ్ కొలమానంలోనే. 1979 వైద్య నోబెల్ కార్మాక్, హౌన్స్‌ఫీల్డ్‌లకు దక్కింది.

రామచంద్రన్, లక్ష్మీనారాయణన్

అదే 1971లో భారత శాస్త్రవేత్తలు జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో రాసిన వ్యాసం గణన దారినే మార్చింది. అప్పటివరకు ఎక్కువగా ప్రతి ప్రక్షేపాన్నీ, అంటే ఒక దిశ నుంచి తీసిన కొలతల వరుసను, ఫూరియర్ రూపంలోకి మార్చి, తలంలో పరిచి, మధ్య ఖాళీలను అంచనాతో పూరించి, తిరిగి మార్చేవారు. వీరు ఆ దారి వదిలి, ప్రతి ప్రక్షేపాన్నీ నేరుగా ఒక ప్రమేయంతో సంవలనం చేసి (పక్క విలువలతో తూకం వేసి కలిపి, అంటే వడపోసి), తర్వాత వచ్చిన దిశలోనే వెనక్కి పరిచి కలిపారు. లెక్క తగ్గింది, కచ్చితత్వం పెరిగింది. ఆ వడపోతను నేటికీ ‘రామ్-లాక్’ అంటారు. దాని మీద కట్టిన పద్ధతులే దశాబ్దాలపాటు స్కానర్లలో ప్రధానంగా నడిచాయి. రామచంద్రన్ పేరు వచ్చినప్పుడు కొల్లాజెన్ దగ్గర, ప్రొటీన్ల ‘రామచంద్రన్ పటం’ దగ్గర ఆగిపోతుంటాం. ఈ వ్యాసానికి వాటి పక్కన చోటు ఉండాలి.

రసాయన శాస్త్రంలో

కేప్‌టౌన్‌లో కార్మాక్‌కు స్ఫటిక శాస్త్రం నేర్పిన ఆర్.డబ్ల్యూ. జేమ్స్ దగ్గరే ఆరన్ క్లగ్ కూడా చదివారు. క్లగ్ 1968లో డేవిడ్ డిరోసియర్‌తో కలిసి బ్యాక్టీరియాకు సోకే టీ4 వైరస్ తోకను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాల నుంచి త్రిపరిమాణంలో పునర్నిర్మించారు. తోక సర్పిలాకారంలో ఉండటం వల్ల ఒక్క చిత్రంలోనే అనేక కోణాల చూపులు దొరికాయి. క్లగ్‌కు 1982లో రసాయన నోబెల్ వచ్చింది. 1973లో రసాయనవేత్త పాల్ లాటర్‌బర్ అయస్కాంత క్షేత్రపు వాలును వేర్వేరు దిశలకు తిప్పి నీటి గొట్టాల చిత్రం తీశారు. ఎంఆర్ఐకి అది ఆరంభం.

తక్కువ కొలతలు, ఎక్కువ లెక్క

సమీకరణాలను ఒక్కొక్కటిగా తీర్చుతూ జవాబును సవరించుకుంటూ పోయే పద్ధతిని పోలండ్ గణితవేత్త స్టెఫాన్ కాచ్‌మాజ్ 1937లో ప్రచురించారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆయన మరణించారు. 1970లో గోర్డన్, బెండర్, హెర్మన్ అదే పద్ధతిని చిత్ర పునర్నిర్మాణం కోసం మళ్లీ స్వతంత్రంగా కనుగొన్నారు. వడపోత పద్ధతికి కొలతలు దట్టంగా కావాలి. ఇది కొలతలు అరకొరగా ఉన్నా పనిచేస్తుంది. 2006లో కాండెస్, రోంబెర్గ్, టావో మరో అడుగు వేసి, చిత్రంలో మార్పులు కొద్దిచోట్లే ఉన్నప్పుడు అతి కొద్ది కొలతలతోనూ దాన్ని కచ్చితంగా రాబట్టవచ్చని నిరూపించారు. రోగికి దీనివల్ల కలిగే మేలు పెద్దది, ఎందుకంటే ప్రతి ఎక్స్-రే కొలతకూ కొంత రేడియేషన్ మూల్యం ఉంటుంది. ఇప్పుడు నాడీజాల ప్రోగ్రాములు ఈ పని చేపట్టాయి. కొలతల్లో లేని నిర్మాణాన్ని అవి నమ్మదగిన రూపంలో చూపే ప్రమాదం ఉంది కాబట్టి, చిత్రాన్ని ముడి కొలతలతో సరిచూడటం తప్పనిసరి.

భూవిజ్ఞానంలో

భూమి చుట్టూ తిప్పగల ఎక్స్-రే గొట్టం లేదు. భూకంపం ఎక్కడ, ఎప్పుడు వస్తే అదే మూలం. తరంగం ఎంతసేపటికి చేరిందో అదే కొలత. పైగా తరంగాలు వేగాన్ని బట్టి వంగుతాయి. అంటే అవి వెళ్లిన దారి, మనం కనుక్కోవలసిన నిర్మాణం మీదే ఆధారపడి ఉంటుంది. 1970లలో భూకంప శాస్త్రవేత్తలు కెయీటి అకి, ఆడమ్ జెవోన్స్కీ బృందాలు ఈ చిక్కులను ఎదుర్కొని భూకంప టోమోగ్రఫీకి పునాది వేశాయి. వేడి శిలలో తరంగం నెమ్మదిస్తుంది, చల్లని శిలలో వేగం పుంజుకుంటుంది. ఉత్తర అమెరికా కింద మునిగిపోయిన ఫరాలాన్ ఫలకం శకలాలు, ఆఫ్రికా, పసిఫిక్‌ల కింద మాంటిల్ (భూమి పైపెంకుకూ కేంద్రకానికీ మధ్య పొర) అడుగున తరంగాలు నెమ్మదించే రెండు మహా ప్రాంతాలు ఇలాగే బయటపడ్డాయి. 1961లో హైదరాబాద్‌లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, జలాశయం ప్రభావంతో భూకంపాలు వచ్చే మహారాష్ట్రలోని కొయ్నా ప్రాంతం కింది నిర్మాణాన్ని ఈ పద్ధతితోనే పరిశీలించింది.

భూకంప నమోదు కేంద్రాలు ఎక్కువగా నేల మీదే ఉండటంతో సముద్రాల కింది చిత్రం పలచగా ఉంటుంది. ఆ లోటు తీర్చడానికి నీటిలో తేలుతూ భూకంప ధ్వనిని పట్టే పరికరాలు వచ్చాయి. గలపగోస్ దీవుల చుట్టూ అలాంటి తొమ్మిది పరికరాలు నమోదు చేసిన సమాచారం ఆధారంగా, ఆ దీవుల కింద మాంటిల్‌లో చాలా లోతునుంచి పైకి లేచే వేడి శిలా స్తంభాన్ని 2019లో ప్రచురించిన పరిశోధన చూపింది.