తెలుగు సిపాయి మీద పడిన నింద: మద్రాసు సైన్యం చరిత్రకు పునర్విచారణ

తెలుగువాళ్లు యుద్ధానికి పనికిరారన్న మాట ఎంతగా పాతుకుపోయిందంటే, అది మొదట ఎవరన్నారో, ఎందుకన్నారో అడిగేవాళ్లే కరువయ్యారు. దానికి బలం చేకూర్చినవాడు బ్రిటిష్ జనరల్ రాబర్ట్స్. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సేనాధిపతిగా ఉన్న ఆయన, దీర్ఘకాలపు శాంతిలో దక్షిణాది సిపాయికి చేవ చచ్చిందని 1897లో అచ్చయిన ఆత్మకథలో తేల్చేశారు. 1933లో బ్రిటిష్ సైనికాధికారి మెక్‌మన్, కొన్ని జాతులే పుట్టుకతో యుద్ధానికి తగినవన్న ‘యుద్ధజాతుల’ సిద్ధాంతం మీద పుస్తకం రాసి ఆ తీర్పుకు శాస్త్రం ముసుగు తొడిగాడు. తర్వాతి చరిత్రకారులు ఆ సిద్ధాంతాన్ని ఖండించారు గాని, వాళ్ల చూపు ఎక్కువగా పంజాబు మీదే నిలిచింది.

రాబర్ట్స్‌కు ఉత్తర సర్కార్ల (కోస్తా ఆంధ్ర ప్రాంతపు) చరిత్రే జవాబు చెబుతుంది. 1756 చివర క్లైవు మద్రాసు నుంచి తీసుకుపోయిన సిపాయిల్ని బెంగాల్లో ‘తిలంగా’లన్నారు; క్రమంగా ఉత్తరాదిలో ఏ ఊరి సిపాయికైనా అదే పేరు స్థిరపడింది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్లను ఓడించినప్పుడు విజయనగరం ఆనంద గజపతి బలగం ఆయన పక్షాన ఉంది. నాలుగు నెలలకు మచిలీపట్నం కోట పడింది. తెలుగు సిపాయి చెప్పిందల్లా చేసే కూలివాడూ కాడు. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో, హైదరాలీ మీద యుద్ధానికి ఓడెక్కమంటే ఉత్తర సర్కార్ల పటాలం తిరగబడింది. ఆంగ్ల అధికారులు హతమయ్యారు. వేలూరు తిరుగుబాటుకు అది పాతికేళ్లకు పైగా ముందటి మాట.

శాంతి వల్లే చేవ చచ్చిందనుకుందాం. మరి మద్రాసు సాపర్లను (సైన్యపు ఇంజనీరు దళాన్ని) ఎందుకు ఉంచుకున్నారు? 1860లో చైనాలో, 1868లో అబిసీనియాలో పనిచేసిన ఆ దళానికి మనుషులు వచ్చింది ఈ దక్షిణాది జిల్లాల నుంచే. పదాతి దళానికి చేతకానివాడు, శత్రువు కాల్పుల కింద వంతెన కట్టడానికి ఎలా సరిపోయాడు? రాబర్ట్స్ వాదంలో దీనికి జవాబు లేదు. బర్మా యుద్ధంలో కొన్ని మద్రాసు పటాలాల మీద విమర్శలు వచ్చిన మాట నిజమే; కానీ కొన్ని పటాలాల లోపం మొత్తం దక్షిణాది సిపాయి చేవకు కొలత కాదు.

అసలు కారణం మనిషిలో లేదు, సరిహద్దులో ఉంది. దక్షిణాన యుద్ధాలు ముగిశాయి. 1857 తర్వాత తెల్లదొరల నమ్మకం పంజాబు మీదికీ, నేపాలు మీదికీ మళ్లింది; రష్యా భయం వాయవ్యానికి లాగింది. 1895లో ప్రెసిడెన్సీ సైన్యాలే రద్దయ్యాయి. 1903 నాటి సేనాధిపతి కిచెనర్ సంస్కరణల్లో కొన్ని మద్రాసు పటాలాలు పంజాబీ పేరుతో, పంజాబీ మనుషులతో మిగిలాయి.

పోయింది పరువొక్కటే కాదు. నెలజీతం, పింఛను, కంటోన్మెంటు బడి కూడా పోయాయి. ఇలాంటి నష్టమే మహారాష్ట్రలోని దళిత కులమైన మహర్లకూ జరిగింది; వాళ్లకు సైన్యం తలుపు మూసుకున్నప్పుడు ఆ కులానికే చెందిన గోపాల్ బాబా వలంగ్కర్ 1894లో వినతిపత్రం రాశారు. మహర్ అయిన అంబేద్కర్ తండ్రి రాంజీ సైన్యంలో సుబేదారు. ఒక కొలువు ఒక కులాన్ని బడి దాకా ఎలా నడిపించిందో అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. తెలుగు దళిత కుటుంబాల చదువు వెనకబాటులో ఇలా తలుపు మూసుకోవడానికీ వాటా ఉండవచ్చు. మరోవైపు, పశ్చిమ గోదావరి జిల్లాలో జనం మిలిటరీ మాధవరం అని పిలుచుకునే ఊరు ఇప్పటికీ సైన్యానికి మనుషుల్ని పంపుతూనే ఉంది. అవకాశమిస్తే తెలుగు పల్లె ఏం చేయగలదో చెప్పడానికి ఆ ఊరొక్కటి చాలు.

చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ దస్తావేజుల భాండాగారంలో మద్రాసు సైనిక శాఖ దస్తాలున్నాయి. తెలుగు విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు తమ పరిశోధక విద్యార్థులను అక్కడికి పంపాలి. ఏ ఊరి నుంచి, ఏ కులం నుంచి ఎవరు పటాలంలో చేరారో, ఎవరి పింఛను ఎప్పుడు ఆగిందో జిల్లాల వారీగా తేల్చాలి.