ఆదికాండములో రహస్య సంకేతములు: ఒక గణన పునఃపరీక్షకు గురియైన చరిత్ర

1994లో 'స్టాటిస్టికల్ సైన్స్' అను గణాంకశాస్త్ర పత్రికలో దోరోన్ విట్జ్‌టుమ్, ఎలియాహు రిప్స్, యోవావ్ రోజెన్‌బర్గ్ అను ముగ్గురు ఇశ్రాయేలు పరిశోధకులు ఒక వ్యాసము ప్రచురించారు. హెబ్రీ ఆదికాండములో సమాన దూరమున ఉన్న అక్షరములను ఏరి కూర్చినయెడల, ఎన్నో శతాబ్దముల తరువాత జీవించిన రబ్బీల పేర్లు, వారి జనన మరణ దినములు ఒకదానికొకటి దగ్గరగా కనబడుచున్నవని వారి వాదము. పత్రిక సంపాదకుడు దీనిని నిరూపిత సత్యముగా గాక, పాఠకులు విప్పవలసిన చిక్కుముడిగా పరిచయము చేశాడు. 1997లో మైకేల్ డ్రాస్నిన్ గ్రంథము వెలువడిన తరువాత ఆ జాగ్రత్త ఎవరికీ జ్ఞాపకము లేకపోయినది.

బోధకులు ఇటువంటి లెక్కను ప్రసంగపీఠము మీదికి తెచ్చినయెడల, విశ్వాసుల నమ్మికను వాక్యము మీద గాక ఒక కంప్యూటర్ ప్రోగ్రాము మీద నిలిపినవారగుదురు. కావున ఆ లెక్క ఎట్లు చేయబడినదో మనము తెలిసికొనవలసియున్నది.

వారు కోరెన్ ముద్రణలోని ఆదికాండమును, అనగా 78,064 అక్షరములను, తీసికొన్నారు. 32 మంది రబ్బీల పేర్లను, తేదీలను కంప్యూటరు చేత 9,99,999 విధములుగా తారుమారు చేయించి, అసలు జతలతో పోల్చారు. ఇట్టి ఫలితము యాదృచ్ఛికముగా వచ్చు అవకాశము పది లక్షలలో 16 మాత్రమేనని తేల్చారు. టాల్‌స్టాయ్ 'యుద్ధము - శాంతి' హెబ్రీ అనువాదములో అంతే పొడవు గల భాగమును పరీక్షించగా ఏమియు కనబడలేదన్నారు.

ఇంచుమించు అదే కాలమున స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో భూభౌతిక శాస్త్రజ్ఞుడు జాన్ క్లేర్‌బౌట్ తన శిష్యులకు ఒక నియమము విధించుచుండెను: వ్యాసములోని ప్రతి పటమును మరియొకడు అదే ప్రోగ్రాముతో, అదే దత్తాంశముతో తిరిగి చేయగలుగవలెను. ఆదికాండ పరిశోధకుల ప్రోగ్రాము ఇతరులకు అందినది గనుక లెక్కను తిరిగి నడుపుట సాధ్యమైనది. అయితే చిక్కు ప్రోగ్రాములో లేదు, దానికి అందించిన పేర్ల పట్టికలో ఉన్నది. ఒక్కొక్క రబ్బీకి అనేక బిరుదులు, ఒక్కొక్క బిరుదునకు అనేక వర్ణక్రమములు ఉండును. ఏది చేర్చవలెను, ఏది విడువవలెను అను నిర్ణయము పండితుని విచక్షణకు చెందినది. ఆ విచక్షణను ఏ ప్రోగ్రామును తిరిగి నడిపి చూపలేదు.

1999లో అదే పత్రికలో బ్రెండన్ మెక్‌కే, ద్రోర్ బార్-నతాన్, మాయా బార్-హిల్లెల్, గిల్ కలై దీనిని బయటపెట్టారు. అంతే స్వేచ్ఛ తీసికొని పట్టికను కొద్దిగా మార్చగా, 'యుద్ధము - శాంతి'లో కూడ అద్భుతము కనబడినది! క్రొత్తగా తయారుచేసిన పట్టికలతో ఆదికాండమును పరీక్షించినప్పుడు ఫలితము రాలేదు. 'మోబీ డిక్' నవలలో ఒక ప్రధానమంత్రి హత్య కనబడినయెడల విమర్శకులను నమ్మెదనని డ్రాస్నిన్ అనగా, మెక్‌కే అందులో ఇందిరా గాంధీ హత్యను సహితము వెదకి చూపాడు.

మూలపాఠ విమర్శ చదివిన మనకు మరియొక అడ్డంకి కనబడును. కోరెన్ పాఠము 20వ శతాబ్దపు ముద్రణ. హెబ్రీ లిపిలో వావ్, యోద్ అక్షరములు ఒక ప్రతిలో వ్రాయబడి మరియొక ప్రతిలో విడువబడుట సాధారణము. కుమ్రాను చుట్టలు దీనికి సాక్ష్యము. అర్థము చెడదు. కాని ఒక్క అక్షరము తగ్గినను, ఆ స్థలమును దాటిపోవు సమదూర వరుసలన్నియు తెగిపోవును. (మన కవులు చక్రబంధము, నాగబంధము కూర్చినప్పుడు ఏ అక్షరము ఎక్కడ పడవలెనో కవి ఉద్దేశించియే వ్రాసెను, లక్షణ గ్రంథము దానికి ముందుగానే ఉన్నది. ఇక్కడ అట్టి లక్షణము ఏదియు లేదు.)

వివాదము అంతటితో ఆగలేదు. 2005లో అర్థశాస్త్రములో నోబెల్ బహుమానము పొందిన రాబర్ట్ ఔమన్ సభ్యుడుగా ఉన్న సంఘము, పట్టికలను స్వతంత్ర పండితుల చేత సిద్ధపరచి మరల పరీక్ష జరిపించినది. యెరూషలేములోని హెబ్రీ విశ్వవిద్యాలయము 2004లో ప్రకటించిన నివేదికలో, సంకేతములు ఉన్నవనుటకు ఆధారము దొరకలేదని ఔమన్ వ్రాశాడు. ఈ పరిశోధనను తొలినాళ్లలో ఆసక్తితో ఆదరించినవారిలో ఆయన ఒకడు.