నీలం తేలిన కనుబొమలు

సిద్దిపేటలో మా బంధువులమ్మాయి షాదీకి ముందు పార్లర్‌లో సూదితో రంగు గుచ్చించి కనుబొమలు దిద్దించుకుంది. ఏడాది తిరక్కుండానే నలుపు నీలం తేలింది. ఖాలాల తానాలు పడలేక, "మామూ, నా నమాజ్ కబూల్ అవుతుందా?" అని ఏడ్చింది.

ఈ రంగు మారడం పాత ముచ్చటే. మన పల్లెల్లో దీపపు మసిని సూదులతో పొడిచేవారు. నల్లటి మసి చర్మం కింద పచ్చగా కనబడేది. అందుకే పచ్చబొట్టు అన్నారు. ఉర్దూలో గోద్నా, అరబ్బీలో వష్మ్.

వష్మ్‌నీ, కనుబొమలు పీకించుకోవడాన్నీ మనా చేసిన ఇబ్నె మస్ఊద్ రివాయత్ బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. కానీ రంగు చర్మం లోపలిది, వుజూ నీళ్లకు అడ్డుకాదు. నమాజ్ మానొద్దు బేటీ, గీకి గాయం చేసుకోవద్దు. పార్లర్ రంగు మెల్లగా వెలుస్తుంది. తౌబా దర్వాజా తెరిచే ఉంది. తానాలు బంద్ చేయాల్సింది మనమే.