ఒక్క అక్షరపు కథ

రంగు అను మాటను ఆంగ్లమున రెండు తీరుల వ్రాయుదురు. వర్ధన్నపేట బడిలో చదివిన బాలుడు సి, ఓ, ఎల్, ఓ, యు, ఆర్ అని వ్రాయును. అమెరికా బాలుడు ‘యు’ను విడిచిపెట్టును. ఈ ఒక్క అక్షరము వెనుక రెండు శతాబ్దములకు మించిన చరిత్ర కలదు.

లండనులో 1755లో శామ్యూల్ జాన్సన్ వెలువరించిన నిఘంటువు ‘యు’ గల రూపమునకు ప్రామాణ్యము చేకూర్చెను. అమెరికా స్వతంత్రమైన పిదప నోవా వెబ్‌స్టర్ పండితుడు, దేశమునకు వలెనే భాషకును స్వాతంత్ర్యము వలయునని తలచి, పలుకని అక్షరములు పెక్కింటిని తొలగింపబూనెను. 1806, 1828 సంవత్సరముల నిఘంటువులు ఆయన కృషికి ఫలములు. పలుకుబడిలో లేని అరసున్నను, బండి ఱను వ్రాతలో విడిచిన మనకు ఇట్టి వివాదము క్రొత్తది కాదు.

మన ప్రాంతమున 1948 వరకు రాజభాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు ఉర్దూలోనే ఆరంభమైనది. అయినను ఆంగ్లమును నేర్చినవారు బ్రిటిష్ వర్ణక్రమమునే నేర్చిరి. నేటి మన పాఠ్యపుస్తకములలోను ఆ అలవాటే నిలిచియున్నది.

1959లో వరంగల్లున ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1998లో హైదరాబాదున సైబర్ టవర్స్ ప్రారంభమయ్యెను. పల్లెబిడ్డలు కంప్యూటర్ల ముందు కూర్చుండిరి. అచ్చట వారికి వెబ్‌స్టర్ ఎదురయ్యెను. వెబ్ పుటల అలంకరణకై 1996లో వెలువడిన సి.ఎస్.ఎస్. నియమావళిని కూర్చినవారు నార్వే, నెదర్లాండ్సు దేశీయులు. అయినను వారు రంగునకు అమెరికా రూపమునే గైకొనిరి. బడిలో నేర్చిన రూపమును వ్రాసినచో ఆ పుట తప్పని చెప్పదు. ఆ పంక్తిని చూడనట్లు దాటిపోవును. రంగు మారదు, కారణమును తెలియరాదు.

రేడియో కార్యక్రమమును ‘ప్రోగ్రామ్’ అని వ్రాయునప్పుడు బ్రిటిష్ వారు చివర ‘ఎం, ఈ’ అను రెండక్షరములు చేర్తురు. కంప్యూటరు ప్రోగ్రామునకు మాత్రము వారును వానిని విడుతురు. యంత్రము ఇంగ్లండు వారి చేతివ్రాతనే మార్చినదన్నమాట!

కావున పల్లెబడి నుండి వచ్చిన విద్యార్థి ఇచ్చట తడబడినచో, తనకు ఆంగ్లము రాదని క్రుంగిపోవలదు. అతడు నేర్చినది జాన్సన్ బాట; యంత్రము నడచునది వెబ్‌స్టర్ బాట. ఉత్తరమున బడి రూపమును, యంత్రమునకు యంత్రము కోరు రూపమును వ్రాయుట మేలు. ఇంటి పెద్దలు ఈ కథను ముందే చెవిని వేసినచో, ఆ బిడ్డకు ఒక రాత్రి నిద్రయైన దక్కును.