మాకు పెట్టిన టోపీ

తలకు టోపీ పెడితే ముస్లిం. కళ్ళకు సుర్మా, మెడలో తావీజు, నడుముకు గళ్ళ లుంగీ చేరిస్తే పక్కా ముస్లిం. నోటికి 'నీకీ, మాకీ' తెలుగు తగిలిస్తే ఇక ఎవరికీ సందేహం ఉండదు. తెలుగు సినిమా మాకు కుట్టిచ్చిన లిబాస్ ఇది. కొలతలు మాత్రం మావి కావు.

ఇవాళ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులల్లో కాలేజీ పిల్లలు సెల్‌ఫోన్లతో షార్ట్ ఫిల్ములు తీస్తున్నారు. తమ ఈడు పిల్లల కథలే ఎంచుకుంటున్నారు. చేతిలో డబ్బుండదు కాబట్టి స్నేహితులే నటులు, ఇంట్లో ఉన్న బట్టలే వేషాలు. ఇంతవరకూ అంతా నిజాయితీగానే ఉంటుంది. కథలోకి సాయిబుల పిల్లవాడు రాగానే ఎక్కడినుంచో ఒక టోపీ వస్తుంది. రోజూ పక్క బెంచీలో ప్యాంటూ చొక్కాతో కూర్చునే స్నేహితుడు కెమెరా ముందుకొచ్చేసరికి మరో మనిషైపోతాడు. ఎందుకని?

వేషం కట్టడం కడప జిల్లాకు కొత్త కాదు. 1885లో ఈ జిల్లాలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచకవధ' ఆడించాడు. ఆడవేషాలు మగవాళ్ళే కట్టే కాలంలో సురభివాళ్ళు తమ ఇంటి ఆడవాళ్ళకే ఆ పాత్రలిచ్చారు. ఎవరి పాత్ర వారికే ఇవ్వడం ఆనాడు పెద్ద తెగింపు.

పులివెందుల తాలూకా కొత్తపల్లిలో పుట్టిన బి.ఎన్. రెడ్డి 1951లో 'మల్లీశ్వరి' తీశాడు. బాల్యానికి బాలనటులను పెట్టి, ఈడొచ్చిన బావామరదళ్ళకు ఎన్.టి. రామారావునీ భానుమతినీ తీసుకున్నాడు. ఇద్దరూ అప్పటికి పాతికేళ్ళు దాటినవాళ్ళే. చాలాకాలం మన తెర మీద పదిహేడేళ్ళ వయసును పెద్దవాళ్ళే నటించారు. 1981లో 'సీతాకోకచిలుక', 2000లో 'చిత్రం' కుర్రకారు కథలకు కొత్త ముఖాలను తెచ్చాయి. నేటి విద్యార్థులు ఇంకో అడుగు ముందుకేశారు. పదిహేడేళ్ళ పాత్ర పదిహేడేళ్ళవాళ్ళే వేస్తున్నారు. వయసు విషయంలో అబద్ధం పోయింది. మతం విషయంలో మాత్రం మిగిలిపోయింది.

1995లో వచ్చిన 'బొంబాయి' గుర్తు చేసుకోండి. అందులో హిందూ తండ్రి వేషం ముస్లిం కుటుంబంలో పుట్టిన నాజర్‌ది. ముస్లిం తండ్రి బషీర్ వేషం హిందువైన కిట్టీది. ప్రేక్షకులు ఇద్దరినీ నమ్మారు. అంటే మతం మొహంలో లేదు, తొడిగిన బట్టలోనే ఉంది. ఆ బట్ట ఎంచే అధికారం ఎవరిదన్నదే మా ప్రశ్న.

పోనీ, మేమంతా ఒకే బట్ట కడతామా? మా సీమ దూదేకుల ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే. కట్టేది ఊరందరూ కట్టే చీరా పంచే. పేర్లు మస్తానయ్య, హుసేనమ్మ, దస్తగిరి. ఈ ఇంటి పిల్లను తెర మీద చూపించాలంటే ఏం తొడుగుతారు? తొడగడానికి ఏమీ దొరకదు కాబట్టే ఆమె ఏ కథలోకీ రాదు. వచ్చినా ముస్లింగా ఎవరూ గుర్తుపట్టరు.

మరోవైపు పీర్ల పండుగ చూడండి. అనంతపురం జిల్లా గూగూడు కుళ్ళాయప్ప దగ్గర హిందువులూ ఫకీరీ పడతారు. మొక్కుకుని, దారం కట్టుకుని, ఆ రోజులు నిష్ఠతో ఉంటారు. ఫకీరు వేషం వాళ్ళు ఇష్టపడి కట్టిందే, ఎవరూ బలవంతాన కట్టించింది కాదు. గౌరవంతో కట్టిన వేషానికీ ఎగతాళికి తొడిగిన వేషానికీ తేడా ఈ నేలకు బాగా తెలుసు.

టోపీ తీసేయండి, బురఖా దాచేయండి అని మేము అనడం లేదు. అది ఇంకో రకం బలవంతం. 2021 చివర్లో ఉడుపి కాలేజీలో హిజాబుతో వచ్చిన అమ్మాయిలను తరగతి బయట నిలబెట్టారు. 2022 మార్చిలో కర్ణాటక హైకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అక్టోబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరో తీర్పు చెప్పారు. పదహారు, పదిహేడేళ్ళ పిల్లలకు బట్టే పరీక్షైపోయింది. తెర మీద బలవంతంగా తొడుగుతారు, తరగతిలో బలవంతంగా విప్పమంటారు. రెండుచోట్లా ఆ పిల్లను అడిగినవాళ్ళు లేరు.

కాబట్టి షార్ట్ ఫిల్ము తీసే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ మేము చెప్పేది ఒక్కటే. ముస్లిం పాత్ర రాసినప్పుడు పక్క బెంచీలోని స్నేహితుణ్ణి పిలవండి. "నువ్వు ఇంట్లో ఏం కట్టుకుంటావు, మీ అమ్మతో ఏ భాషలో పోట్లాడతావు" అని అడగండి. టోపీ పెట్టుకుని వస్తానంటే పెట్టుకోనివ్వండి. క్రికెట్ జెర్సీలో వస్తానంటే రానివ్వండి. ఆ అమ్మాయి బురఖాలో వచ్చినా, లంగా ఓణీలో వచ్చినా మాటలు మాత్రం సొంతంగా ఆడనివ్వండి. అతనికి హీరో పాత్ర ఇవ్వండి, పరీక్ష తప్పే పాత్రా ఇవ్వండి. దేశభక్తి నిరూపించుకునే పాత్ర ఒక్కటే ఇవ్వకండి.

టోపీ పెట్టడమంటే తెలుగులో మోసం చేయడమనే అర్థం కూడా ఉంది. నమాజుకు మేము పెట్టుకునే టోపీ వేరు, తెర మాకు పెట్టిన టోపీ వేరు. మొదటిది మా ఇష్టం. రెండోది దించాల్సింది మీరే.