కారు షెడ్డు ర్యాంపు (కొల్లేరు ప్రాంతం)

రోడ్డు మట్టం నుంచి ఇంటి ఆవరణలోని కారు షెడ్డు లేదా పోర్టికో నేల దాకా పోసే వాలు చప్టా. కలిదిండి, కైకలూరు, మండవల్లి వైపు దీన్ని ర్యాంపు అనే అంటారు. ఈ మండలాలు 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లాలో చేరాయి. అంతకు ముందు కట్టిన ఇళ్ల ప్లాన్లు, కాగితాలు కృష్ణా జిల్లా పేరుతో ఉంటాయి.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీళ్లు సముద్రానికి చేరాలంటే ప్రధానంగా ఉప్పుటేరే దిక్కు. 1999లో కొల్లేరు అభయారణ్యానికి హద్దుగా +5 అడుగుల కాంటూరును తీసుకున్నారంటే నేల ఎంత పల్లమో తెలుస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద దిగువకు వచ్చినప్పుడు ఏలూరు–కైకలూరు రోడ్డే మునిగింది. అందువల్ల ఇక్కడ ఇల్లు కట్టేవారు ముందు స్థలాన్ని మెరక చేస్తారు, ఆపైన రోడ్డుకు రెండు మూడడుగుల ఎత్తున బేస్‌మెంటు లేపుతారు. ఇంటిని కాపాడే ఆ ఎత్తే కారుకు చిక్కు తెచ్చిపెడుతుంది.

వాలు ఎంత ఉండాలన్న దానిపై ఒకే మాట లేదు. పట్టణాల భవన నిబంధనల్లో, 2012 నాటి జీవో 168 సెల్లార్ ర్యాంపులకు 8 అడుగులకు 1 అడుగు వాలు చెప్పింది. పంచాయతీలోని సొంతింటి ర్యాంపుకు అది నేరుగా వర్తించకపోయినా, కొలబద్దగా పెట్టుకోదగిన అంకె. వీధుల్లో కనిపించేవి మాత్రం చాలావరకు 5కు 1, 6కు 1 వాలువి. కారు ఎక్కుతుంది కాబట్టి అది చాలునని మేస్త్రులు అంటారు. ఆ వాలు మీద తడిసిన చప్టాపై ముసలివాళ్లు నడవవలసి వస్తుందని గుర్తుంచుకుంటే 8కి 1 వైపే మొగ్గాలి. చక్రాల కుర్చీ కూడా అదే దారిన రావాలంటే 12కు 1 కంటే నిటారుగా ఉండకూడదు.

కారు ఇబ్బంది పడేది ఎక్కేటప్పుడు కాదు, ఎక్కాక. వాలు ముగిసి చదును మొదలయ్యే మలుపులో ముందు చక్రాలు పైకి చేరి, వెనుక చక్రాలు ఇంకా వాలు మీదే ఉన్నప్పుడు కారు పొట్ట ఆ అంచుకు దగ్గరవుతుంది. చక్రాల నడుమ దూరం 2.4 మీటర్లున్న చిన్న కారుకు 4కు 1 వాలు మీద ఆ అంచు 150 మిల్లీమీటర్లు లోపలికి చొచ్చుకొస్తుంది. 8కి 1 మీద 75 మాత్రమే. ఖాళీ కారు కింద 160–170 మిల్లీమీటర్ల జాగా ఉంటుంది గాని, ఐదుగురు కూర్చుంటే అది బాగా తగ్గుతుంది. పెళ్లికో తిరునాళ్లకో బంధువుల కార్లు వచ్చి వెళ్లిన ఇళ్లలో, గేటు దాటిన చోట కాంక్రీటు మీద గీరుకుపోయిన నల్లటి చారలు కనిపిస్తాయి. దీనికి మందు, కింద ఆరడుగులు, పైన ఆరడుగులు సగం వాలు, అంటే 16కు 1 ఇవ్వడం. అప్పుడు రెండడుగుల ఎత్తుకు 16 అడుగులు సరిపోయే ర్యాంపు 22 అడుగులవుతుంది.

ఐదు సెంట్ల స్థలంలో ఇంటి ముందు 22 అడుగులు వదిలేవారు అరుదు. కాబట్టి షెడ్డు నేలను ఇంటి నేలతో సమానం చేయాలన్న పట్టుదల మానుకోవడమే మేలు. షెడ్డును రోడ్డుకు తొమ్మిది అంగుళాల నుంచి అడుగు ఎత్తులో ఆపి, అక్కడి నుంచి వరండాలోకి రెండు మూడు మెట్లు కట్టుకోవచ్చు. తొమ్మిది అంగుళాలకైతే ఆరడుగుల వాలు చాలు. వరద నీరు షెడ్డులోకి రాదా అంటే, రావచ్చు. అయితే కొల్లేరు పోటు సాధారణంగా గంటల్లో కాక రోజుల మీద ఎక్కుతుంది. కారును మెరకకు తోలుకుపోవచ్చు, ఇంటిని తోలుకుపోలేము. ఇంతకంటే దించడం కూడా తగదు. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్త సిమెంటు రోడ్డు పోస్తే మట్టం ఒక్కసారిగా ఆరంగుళాలు పెరుగుతుంది. అందుకే షెడ్డు మట్టం బేస్‌మెంటు కట్టక ముందే, నీళ్ల గొట్టంతో రోడ్డు నడిమధ్య నుంచి కొలిచి తేల్చుకోవాలి.

ర్యాంపు వాలంతా గేటు లోపలే ముగియాలి. రోడ్డు పక్క కాలువను మట్టితో పూడ్చి చప్టా పోయడం ఈ ప్రాంతంలో పెద్ద తప్పు. నేలకు వాలే లేని ఊళ్లో ఒక ఇంటి ముందు కాలువ మూసుకుపోతే ఎగువనున్న ఇళ్లన్నిటి ముందూ మురుగు నిలుస్తుంది. కింద సిమెంటు తూము వేయడం వాడుకే అయినా సన్నటి తూము పూడితే తీయడం కష్టం. కాలువ రెండు గట్లకూ గోడ కట్టి, పైన ఎత్తి తీయగల కాంక్రీటు పలకలు పరచడం దానికంటే నయం.

రోడ్డు పెరిగి పల్లంలో పడిన పాత ఇళ్లలో ర్యాంపు లోపలికి దిగుతుంది. అక్కడ రోడ్డు అంచున మూడంగుళాల గట్టు, షెడ్డు ముందు ఇనుప జాలీ వేసిన అడ్డకాలువ, దాని చివర మోటారు పెట్టే గుంట కావాలి. వానకాలంలో భూగర్భజలం పైకి వచ్చే ఈ నేలలో ఇంకుడు గుంత మీద ఆశ పెట్టుకోలేము.

నల్లమట్టి తడికి ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది కనుక పైమట్టి తీసి, ఇసుక గాని గ్రావెల్ గాని పొరలు పొరలుగా దిమ్మిస చేసి పోయాలి. పోర్టికో స్తంభాలకు ర్యాంపును అతికించకుండా సందు వదలాలి. కలపడానికి, తడపడానికి ఉప్పు తగిలే బోరు నీళ్లు పనికిరావు: ఇనుము ఉన్న కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని ఐఎస్ 456 (2000) చెబుతోంది. సాగు కాలువలకు నీళ్లు వదిలిన రోజుల్లో పని పెట్టుకుంటే ఆ బెడద ఉండదు. పచ్చిగా ఉన్నప్పుడే అడ్డంగా గాళ్లు తీయాలి, ఆపైన కనీసం వారం తడపాలి.