ఊసుపోక అల్లిన లేసు

నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో, వంటలూ వార్పులూ అయ్యాక నలుగురు ఆడవాళ్ళు అరుగు మీద చేరి లేసు అల్లుకోవడం తరతరాలుగా ఉన్నదే. "ఏం పని చేస్తారమ్మా?" అని అడిగి చూడండి. "పనేముందండీ! ఇంట్లోనే ఉంటాం. ఊసుపోక నాలుగు పువ్వులు అల్లుకుంటాం" అంటారు. ఆ 'ఊసుపోక' వెనకాల పెద్ద కథే ఉంది సుమండీ!

ఈ అల్లిక మన గోదావరి సీమకు పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో వచ్చింది. వారి ఇళ్ళ దొరసానులు మొదట కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న పేద స్త్రీలకు నేర్పారు. తరవాత తరవాత కాపుల ఇళ్ళలోకీ పాకింది. ఆడవాళ్ళు పొలం కూలికి వెళ్ళడం నామోషీ అనుకునే ఇళ్ళలో, గడప దాటకుండా చేసుకునే పని దొరకడం వరంలా తోచింది. లేసు అల్లే ఇల్లాలంటే ఘోషా నిలుపుకున్న మర్యాదస్తురాలు!

ఆ మర్యాద ఖరీదెంతో లెక్క కట్టింది మారియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు. ఇక్కడి పల్లెల్లో తిరిగి ఆమె రాసిన పుస్తకం 1982లో వెలువడింది. ఇంటి చాకిరీ కాక రోజుకు 6 నుంచి 8 గంటలు లేసు అల్లే స్త్రీకి, పొలం కూలికి వెళ్ళిన స్త్రీకి ముట్టేపాటి కూడా ముట్టడం లేదని తేల్చింది. దారం ఇచ్చేది ఏజెంటు. సరుకు పట్టుకెళ్ళేదీ అతనే. పువ్వులు ఒకరు అల్లితే, వాటిని కలిపే అతుకుపని ఇంకొకరిది. టేబుల్ గుడ్డ పూర్తయ్యాక ఎలా ఉందో, సముద్రాలు దాటి ఎంతకు అమ్ముడైందో అల్లిన మనిషికి తెలియదు. వ్యాపారం ఎక్కువగా మగవారి చేతుల్లో ఉండేది. జనాభా లెక్కల్లో మాత్రం ఈమె ఉత్త గృహిణి! పనిచేసేవారి లెక్కలోకే రాని మనిషికి కూలి పెంచమని అడిగే నోరెక్కడిది?

2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అల్లికకు ఊరి పేరు దక్కింది. మరి అల్లిన చేతికో?

ఈసారి జనాభా లెక్కలవారు గుమ్మంలో నిలబడి "ఏం పని?" అంటే, "ఏం లేదు" అనకండి. "లేసు పని, రోజుకు ఇన్ని గంటలు" అని చెప్పి రాయించండి. ఇచ్చిన దారం లెక్క ఏజెంటు తప్పడు కదా! మన గంటల లెక్క మనమెందుకు తప్పాలి?